మరక ముదిరే మార్గాలు

బోధన్ నుంచి రుద్రూరు వైపు పోయినా, ఎడపల్లి మీదుగా నిజామాబాద్ పోయినా, చెరకు మళ్లూ వరి మళ్లూ దాటుతుంటే అక్కడొకటి ఇక్కడొకటి ఫాంహౌస్ కనిపిస్తుంది. కొడుకు అమెరికా నుంచి పంపిన డబ్బుతో కట్టినవి కొన్ని, ఆదివారాలు పుట్టినరోజులకు కిరాయికిచ్చేవి కొన్ని. ఫాంహౌస్ అన్నాక ఈతకొలను ఉండాలి. గచ్చు చేసి టైల్స్ వేయించాలంటే లక్షలు లేస్తాయి. గుంత తవ్వి, గోడలు లేపి, లోపల పీవీసీ లైనర్ పరిపిస్తే తక్కువలో పోతుంది. ఆ షీటు మందం ముప్పావు మిల్లీమీటరు, ఒక్కోచోట అంతకన్నా పలచన. మొదటి వారం నీళ్లు తేటగా, నీలంగా ఉంటాయి. చుట్టాలొచ్చి ఫొటోలు దిగుతారు. నెల తిరిగేసరికి మెట్ల దగ్గర టీ ఒలికినట్టు ఒక నీడ పడుతుంది. ఇంకో నెలకి అది అడుగంతా పాకుతుంది.

ఈ సలహాలు ఆ నీడ పడ్డవాళ్ల కోసం. మరక వదిలించడానికి ఊళ్లో ప్రతివాడి దగ్గరా ఒక ఉపాయం ఉంది. మోటరు బాగుచేసేవాడి దగ్గర ఒకటి, ఎరువుల దుకాణంలో ఒకటి, బాత్రూంలు కడిగేవాడి దగ్గర ఇంకొకటి. వాటిలో మేలైనవి ఏరి ఇక్కడ పెట్టాను. తు.చ. తప్పకుండా పాటిస్తే మరక ఎక్కడికీ పోదు. దానికి నాదీ పూచీ.

నీళ్లను అనుమానించకండి

కొలను నింపేముందు నీళ్లు పరీక్ష చేయించాలనేది పనిలేనివాళ్ల మాట. మన బోరు, మన మోటరు. గ్లాసులో పట్టి చూడండి. తేటగా ఉందా, చాలు. కంటికి కనిపించనిది లైనర్‌కు మాత్రం ఎలా కనిపిస్తుంది?

గిట్టనివాళ్లు ఏమంటారంటే, భూమి అడుగున గాలి తగలని నీళ్లలో ఇనుము కరిగి ఉంటుందట. కరిగి ఉన్నంతసేపు దానికి రంగుండదట. ఆ నీళ్లు బకెట్‌లో పట్టి రాత్రంతా ఉంచితే పొద్దుటికి పైన నూనె తెట్టులాంటి పొర, అడుగున ఎర్రటి మడ్డి తేలితే అదే దాని ఆనవాలట. ఈ పరీక్షకు రూపాయి ఖర్చు లేదు. అందుకే చేయకూడదు. ఖర్చు లేని పరీక్షను ఎవరు నమ్ముతారు? ఇనుము లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితే ఉతికిన బట్టల మీద, బాత్రూం పింగాణీ మీద మరక పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ రాసిపెట్టింది. అంత దూరం ఎందుకు, మీ ఇంట్లోనే కుళాయి కింద వాష్‌బేసిన్‌లో ఎర్రటి చార ఒకటి ఏళ్ల తరబడి కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని చూసీ చూడనట్టు వదిలేసి, అదే బోరుకు పైపు తగిలించండి.

ఒక చిన్న లెక్క. కొలను పది మీటర్ల పొడుగు, అయిదు మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు అనుకుందాం. 70,000 లీటర్లు. లీటరుకు ఒక్క మిల్లీగ్రాము ఇనుమున్నా మొత్తం 70 గ్రాములు. ఇంత చిన్న పొట్లం అని తీసిపారేయకండి, అడుగంతా పలచగా పరిస్తే చాలినంత. ఎండాకాలం ఇంకా కలిసొస్తుంది. నీళ్లు ఆవిరైపోతాయి, ఇనుము ఎక్కడికీ పోదు. రోజుకు ఏడు మిల్లీమీటర్లు ఎండితే 350 లీటర్లు తగ్గినట్టు. ఆ లోటు మళ్లీ బోరుతోనే పూడిస్తే రెండు నెలల్లో ఇంకో 21 గ్రాములు చేరుతుంది. ఇలా ఏటా పోగవుతూ ఉంటుంది, బ్యాంకులో వేసిన డిపాజిట్ కూడా ఇంత నమ్మకంగా పెరగదు.

అయినా ఇనుము మన జిల్లాకు కొత్తదా? కోనసముద్రం కొలుముల్లో కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చేవారు. డమాస్కస్ కత్తులకు ఆ పేరు రావడంలో మన ఉక్కుకు వాటా ఉంది. అంతటి చరిత్ర ఉన్న లోహం తనంతట తాను నడిచొచ్చి మన కొలనులో కూర్చుంటానంటే, పైపుకు ఇనుము పట్టే ఫిల్టర్ బిగించి అడ్డుకుంటారా? ముందు సంపులోకి ఎత్తు నుంచి పడేట్టు వదిలి, గాలి తగలనిచ్చి, ఒకరోజు తేరుకున్నాక పైనీళ్లు మాత్రం కొలనులోకి తోడుకునే చాదస్తులు కూడా ఉన్నారు. వాళ్ల కొలనులో మరక లేదు. మాట్లాడుకోవడానికి విషయం కూడా లేదు.

నింపిన సాయంత్రమే బ్లీచింగ్ పౌడరు వేయండి. మోతాదు చూడకుండా, ఒక్కసారే. బోరు నీళ్లు గాలిలో రాత్రంతా చేసే పనిని క్లోరిన్ నిమిషాల్లో చేసి చూపిస్తుంది. కరిగి ఉన్న ఇనుమంతా తుప్పుగా మారి, మీ కళ్లముందే నీళ్లు గోధుమరంగు తిరుగుతాయి. కంగారు పడకండి. మోటరు మెకానిక్ అప్పుడే చెబుతాడు: "ఏం గాదు పటేలా, ఇంకో డబ్బ పొయ్యుండ్రి." పోయండి. ఆ తుప్పు ఇంకా నీళ్లలోనే తేలుతోంది కనుక మోటరు రాత్రింబవళ్లు తిప్పి, ఫిల్టర్‌లోని ఇసుకను మాటిమాటికి వెనక్కి కడిగితే చాలామటుకు బయటికి పోతుందని ఒక వాదన ఉంది. ఇది చాలా ప్రమాదకరమైన వాదన, ఎందుకంటే నిజం. కరెంటు బిల్లు గుర్తుకు తెచ్చుకుని మోటరు ఆపేయండి. ఆగిన నీళ్లలో తుప్పు నిదానంగా దిగి లైనర్ మీద పక్క వేసుకుంటుంది.

చూసిన రంగే నమ్మండి

మరక ఏమిటో తెలుసుకోవడానికి సమయం వృథా చేయవద్దు. ఎర్రగా ఉందంటే ఇనుమే, దానికి రెండో మాట లేదు.

ఈ సూత్రం మన జిల్లాలో ఎంత బాగా పనిచేస్తుందో చెబుతాను. కొత్త కొలనుకు పూజ చేయకుండా ఎవరుంటారు? పసుపు మార్కెట్‌కు దేశమంతా పేరున్న జిల్లా మనది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డును కూడా నిజామాబాద్‌లోనే తెరిచారు. చిటికెడుతో ఆగే చెయ్యి కాదు. మెట్లకు బొట్లు పెడతారు, గట్టుకు రాస్తారు, కలశం నీళ్లు లోపల కుమ్మరిస్తారు. ఆ పసుపు మెట్టు మూలన పేరుకుంటుంది. దాని మీద బ్లీచింగ్ పడుతుంది. బ్లీచింగ్ పౌడరులో సున్నం ఉంటుంది. పసుపులో సున్నం కలిస్తే ఏమవుతుందో పెళ్లింట పారాణి కలిపిన ప్రతి ఆడపడుచుకూ తెలుసు. కొలను యజమానికి మాత్రం తెలియదు. ఆయన ఎర్రటి మచ్చ చూసి, తుప్పు పట్టిందని బజారుకు పరుగెత్తి ఆసిడ్ డబ్బా తెస్తాడు. ఊరికే వదిలేస్తే ఎండకూ క్లోరిన్‌కూ ఆ పసుపు కొద్ది రోజుల్లో తానే వెలిసిపోయేది.

ఆకులూ అంతే. టేకాకు నలిపితే అరచెయ్యి ఎర్రనవుతుందని పిల్లలకు కూడా తెలుసు. అది నాలుగు రోజులు అడుగున నానితే దాని ఆకారంలోనే మచ్చ పడుతుంది. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి నల్ల సిరా చేసుకునేవారు పాతకాలం రాతగాళ్లు. అన్నభేది ఇనుప లవణమే. మీ బోరులో ఇనుముండి, గట్టు మీది తుమ్మచెట్టు కాయలు రాల్చిందనుకోండి, అదే సిరా మీ కొలనులో ఉచితంగా తయారవుతుంది. నల్లటి మరక చూసి, ఇనుము ఎర్రగా కదా ఉండాలి, ఇదేదో బొగ్గు మసి అనుకోండి.

తేల్చుకోవడం తేలికే అనేవాళ్లున్నారు, వాళ్ల మాట కూడా చెప్పి తోసిపుచ్చుతాను. మందుల షాపులో దొరికే సి విటమిన్ మాత్ర ఒకటి మరక మీద అదిమి పట్టి, నిమిషం ఆగి తీస్తే, మాత్ర ఆనిన చోట తెల్లబడితే అది లోహం, ముఖ్యంగా ఇనుము. కదలకపోతే, చిటికెడు క్లోరిన్ పొడి ఆ మరక మీద చల్లి చూడాలి. వెలిస్తే ఆకో, నాచో, పసుపో. వెలిసింది అనగానే పొడి చెదరగొట్టాలి. మీరు ఇలా చేయకండి. క్లోరిన్ బిళ్లే నేరుగా లైనర్ మీద పెట్టి, భోజనం చేసి, కునుకు తీసి రండి. మరక పోతుంది, మరకతోపాటు లైనర్ రంగూ పోతుంది. నీలం మధ్యలో తెల్లటి పూర్ణచంద్రుడు మిగులుతాడు. ఆయన మళ్లీ అమావాస్యకు పోడు.

రాగి అయితే నీలి ఆకుపచ్చ, కొన్నిసార్లు నలుపు. మాంగనీసు అయితే ఊదా కలిసిన నలుపు. చిన్న గుండ్రటి తుప్పు మచ్చ ఒంటరిగా ఉంటే అక్కడే ఏదో పడి ఉంటుంది: జడపిన్ను, సోడా మూత, లేక బాసర దగ్గర రైలు గోదావరి దాటేటప్పుడు చిల్లర విసిరే అలవాటుతో ఎవరో వేసిన నాణెం. నాణెమైతే ఉండనివ్వండి, శుభం. గులాబీ, బూడిద రంగు మచ్చలు లైనర్ వెనక మట్టిలో పెరిగే సూక్ష్మజీవుల పని కావచ్చు. అవి పైనుంచి ఏం రాసినా పోవు. కాబట్టి రోజూ ఏదో ఒకటి రాస్తూ ఉండండి. అంచున తెల్లగా గరుకుగా కట్టేది మరకే కాదు, బోరు నీళ్ల సున్నం. పోల్చుకోవడానికి నాలుగు చుక్కల వెనిగర్ చాలు, బుసబుసమని పొంగుతుంది. దాని గురించి ఇక్కడ ఇంతకంటే అక్కరలేదు.

మైలుతుత్తం ఉండగా బెంగ ఏల

నాచు పట్టకుండా మైలుతుత్తం వేయమని ఎరువుల దుకాణంలో చెబుతారు. ఆ సలహాలో నిజం లేకపోలేదు. రాగి నాచును చంపుతుంది. తోటలకు తెగుళ్ల మందుగా తాతల నాటి నుంచి వాడుతున్నాం. ఇంట్లో ఎలాగూ సగం సంచి ఉంటుంది. తూకం చూడకుండా కిలో కుమ్మరించండి. నీళ్లు ఆ క్షణంలో విదేశీ సముద్రపు నీలం తిరుగుతాయి. అంత అందం మరే మందూ ఇవ్వదు. ఫొటో దిగవలసింది అప్పుడే.

మైలుతుత్తంలో నాలుగో వంతు రాగి. కిలోకు 250 గ్రాముల పైమాటే. మన 70,000 లీటర్లలో అది లీటరుకు మూడున్నర మిల్లీగ్రాములు దాటుతుంది. కొలనులకు రాగి మందు వాడేవాళ్లు దానిలో పదో వంతు కూడా మించనివ్వరు. మించితే ఏమవుతుందంటారా? గట్ల మీద నీలి చారలు, ఫిట్టింగుల చుట్టూ నల్లటి వలయాలు. అదృష్టం బాగుంటే ఇంట్లో తెల్లజుట్టున్న పెద్దాయన మునిగి లేచేసరికి తల లేత ఆకుపచ్చ. ఆ నింద ఎప్పుడూ క్లోరిన్ మోస్తుంది. చేసేది మాత్రం రాగే.

ఇంతటితో ఆపితే సగం పనే. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు కలిపితే ఏమవుతుందో రైతు బిడ్డలకు చెప్పనక్కరలేదు, బోర్డో మిశ్రమం. సున్నం తగిలీ తగలగానే కరిగి ఉన్న రాగి విరిగి, ఆకుకు అంటుకునే నీలి ముద్దవుతుంది. వానకు కూడా తొందరగా కడుక్కుపోకుండా అంటిపెట్టుకోవడమే దాని గొప్పతనం. సరిగ్గా ఆ గొప్పతనమే లైనర్ మీద కూడా చూపిస్తుంది. మీరు వేరే సున్నం కొనే పని లేదు, బ్లీచింగ్‌లో ఉంటుందని ముందే చెప్పుకున్నాం. సోమవారం మైలుతుత్తం, మంగళవారం బ్లీచింగ్. బుధవారానికి మీ కొలను అడుగు మొత్తం తెగుళ్లు సోకకుండా భద్రంగా ఉంటుంది. (విదేశాల్లో రాగి మరకకు ఎక్కువగా తిట్లు తినేది కొలను హీటర్లోని రాగి గొట్టం. బోధన్ ఎండలకు కొలను కింద మంట పెట్టే ధైర్యం ఎవరికుంది కనుక మనకు ఆ మార్గం లేదు.)

నీళ్లు ఆకుపచ్చగా మారితే అది రాగో నాచో చూడకుండా ఇంట్లో ఉన్న మందులన్నీ ఒకదాని మీద ఒకటి వేయండి. మీరొక్కరే అనుకోకండి. 2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్ నడుస్తుండగా డైవింగ్ కొలను ఉన్నట్టుండి పచ్చబడింది. ప్రపంచమంతా చూసింది. పోటీలకు ముందు అందులో 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశారనీ, అది క్లోరిన్ పనిని చంపేసిందనీ, ఆ సందులో నాచు పెరిగిందనీ నిర్వాహకులు తరవాత చెప్పారు. అంతర్జాతీయ నిపుణులకే ఒక మందు ఇంకో మందును తినేస్తుందని తోచనప్పుడు మనం ఎందుకు తలబద్దలు కొట్టుకోవాలి?

ఆసిడ్ అనే బ్రహ్మాస్త్రం

గచ్చు మీద మరక ఆసిడ్‌కు పోతుంది. లైనర్ కూడా కాళ్ల కింద ఉండేదే కనుక గచ్చుతో సమానం. ఈ తర్కం ఎంత బలమైనదంటే, దీనికి ఎదురు చెప్పినవాళ్లను నేను ఊళ్లో చూడలేదు. బాత్రూం ఆసిడ్ నేరుగా మరక మీద ధారగా పోయండి. లైనర్ మీది బొమ్మ వెలిసి, ప్లాస్టిక్ మెత్తదనం పోయి, ఆ చోట ముడతలు పడుతుంది. చర్మం ఉన్న ఏ వస్తువుకైనా వయసు వస్తే ముడతలు సహజం.

ఇక్కడ ఒక్క పేరా వెటకారం పక్కన పెడతాను. ఆసిడ్‌నూ బ్లీచింగ్ పౌడరునూ ఎప్పుడూ కలపకండి. ఒకే మగ్గుతో తీయకండి, ఒకే గదిలో పక్కపక్కన పెట్టకండి, ఒకటి వేసిన చోట వెంటనే రెండోది పోయకండి. రెండూ కలిస్తే పుట్టేది క్లోరిన్ వాయువు. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది దాన్నే. మోటరు గది చిన్నది, తలుపు ఒక్కటే, పనికి పెట్టుకున్న కుర్రాడికి ఎవరూ ఏమీ చెప్పి ఉండరు. ఆసిడ్ వాడవలసి వస్తే నీళ్లలోకి ఆసిడ్ పోయాలి, ఆసిడ్‌లోకి నీళ్లు కాదు. సరే, వెనక్కి వద్దాం.

ఆసిడ్‌కు లొంగకపోతే గీకండి. ఇనుప బ్రష్షు మేలు. గీకినప్పుడు విరిగిన తీగముక్కలు అడుగున చేరి, ఒక్కొక్కటీ ఒక కొత్త తుప్పుచుక్కకు విత్తనమవుతుంది. ఇటుకపొడి, కొబ్బరిపీచు కూడా పనికొస్తాయి. గీతలు పడిన ప్లాస్టిక్‌లో మరక ఇంకా లోతుగా దాక్కుంటుంది.

సి విటమిన్‌ను పని చేయనివ్వకండి

చివరికి ఎవరో చదువుకున్న అల్లుడు వచ్చి, మామయ్యా, ఇనుప మరకకు ఆస్కార్బిక్ ఆసిడ్ వేయాలంటాడు. అదే సి విటమిన్. ఇంతకుముందు మాత్రతో చేసిన పరీక్షనే కొలనంతటికీ చేయడమన్నమాట. లైనర్‌కు హాని చేయదు, గీకనక్కరలేదు, కొలను ఖాళీ చేయనక్కరలేదు. ఇన్ని మంచి గుణాలున్న దాన్ని ఎదుర్కోవాలంటే కొంచెం తెలివి కావాలి.

మొదటి ఎత్తు: పొడి కొనకండి, చప్పరించే నారింజరంగు మాత్రలు కొనండి. 70,000 లీటర్లకు దాదాపు 850 గ్రాములు పడుతుందని లెక్క. అయిదువందల మిల్లీగ్రాముల మాత్రలైతే 1,700. మందుల షాపువాడు మీవైపు ఒకరకంగా చూస్తాడు, పట్టించుకోకండి. చప్పరించే మాత్రల్లో రంగు, చక్కెర కూడా ఉంటాయి. చక్కెర మనకు పరాయిది కాదు. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసిననాటి నుంచి బోధన్ పేరు చక్కెరతోనే పలికింది. 2015 డిసెంబరులో గానుగ ఆగాక ఆ లోటు ఎవరో ఒకరు తీర్చాలి. మీ కొలనుతో మొదలుపెట్టండి. నాచుకు కూడా తీపి గిట్టకపోదు.

అల్లుడు మొండివాడై పొడే తెప్పిస్తే రెండో ఎత్తు వేయండి. ముందు రోజు రాత్రి క్లోరిన్ దండిగా వేసి ఉంచండి. క్లోరిన్‌కు, సి విటమిన్‌కు పడదు. ఒక గ్రాము క్లోరిన్ దాదాపు రెండున్నర గ్రాముల సి విటమిన్‌ను తినేస్తుంది. లీటరుకు 5 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉందనుకోండి, కొలను మొత్తంలో 350 గ్రాములు. మీరు తెచ్చిన 850 గ్రాములూ మరకను చూడకముందే దానికి ఫలహారమైపోతాయి. మరక చెక్కు చెదరదు. అప్పుడు అల్లుణ్ణి చూసి, ఇంగ్లీషు చదువులు ఇంతే అనవచ్చు. ఈ ఒక్క సుఖం కోసమైనా ఈ ఉపాయం అందరికీ సిఫారసు చేస్తాను.

అల్లుడు చేయదలచింది వేరు. రెండు మూడు రోజులు క్లోరిన్ వేయకుండా వదిలేస్తే మన ఎండే దాన్ని తినేస్తుంది. సున్నాకు వచ్చిందని పరీక్ష చుక్కలతో చూసుకోవాలి. నీళ్ల పీహెచ్ 7.2 దగ్గరికి దించాలి. క్లోరిన్ లేని ఆ రోజుల్లో నాచు రాకుండా రాగి లేని నాచు మందు వేయాలి. అప్పుడు పొడిని చుట్టూ చల్లి మోటరు తిప్పితే, గంటల్లోనే మరక కరగడం కంటికి కనిపిస్తుంది. రాగి అయితే దీనికంటే నిమ్మ ఉప్పు బాగా లొంగదీస్తుంది. చింతపండుతో రాగి చెంబు తోమినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఉండదు. పులుపు రకం వేరు, పని ఒక్కటే.

ఇక్కడ మీకు ఇంకో అవకాశం దొరుకుతుంది. కరిగిన లోహం ఎక్కడికీ పోలేదు, నీళ్లలోనే ఉంది. దాన్ని మళ్లీ అడుగుకు దిగకుండా నీళ్లలోనే పట్టి ఉంచే మందు ఒకటి వెంటనే వేయాలి. సీక్వెస్ట్రెంట్ అంటారు, అందులో పేరున్నది హెచ్ఈడీపీ. డబ్బా మీద లోహాన్ని తొలగిస్తుందని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా అది తొలగించేది ఏమీ లేదు, పట్టుకుని ఉంటుంది అంతే. క్లోరిన్‌కూ ఎండకూ అదీ అరిగిపోతుంది కనుక మళ్లీ మళ్లీ కొద్దికొద్దిగా వేస్తుండాలి. మీరు ఆ డబ్బా కొనకండి, డబ్బులు దండగ. మరక పోయింది చూశారా, ఇంకేం కావాలి? ఆ సంతోషంలో అదే సాయంత్రం నాలుగు కిలోల బ్లీచింగ్ కొట్టండి. వారం రోజులు ఆగి, క్లోరిన్‌ను మెల్లిమెల్లిగా పైకి తేవాలనే ఓపిక మన వంశంలో లేదు. తెల్లవారేసరికి మరక తిరిగొస్తుంది. ఈసారి కొత్త చోట్లకు కూడా.

తోడెయ్యండి

ఇవన్నీ విఫలమయ్యాక మిగిలేది మగటిమి గల మార్గం, కొలను ఖాళీ చేయడం. నీళ్లలో లోహం ఉందన్నారుగా, నీళ్లే లేకుండా చేస్తే?

లైనర్‌ను దాని చోట నిలబెట్టేది లోపలి నీళ్ల బరువు. నీళ్లు పోతే అది వదులై, ఎండకు ఆరి, కుంచించుకుపోతుంది. పాతదైతే మళ్లీ సాగేటప్పుడు మూలల దగ్గర చిరుగుతుంది. అంతకంటే మంచి సంగతి నేలలో ఉంది. బోధన్ చుట్టూ నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చేయి దూరేంత పర్రెలు విచ్చుతుంది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువల కింద ఉన్న నేల ఇది. కాలువ వదిలి మళ్లన్నీ నిండి ఉన్నప్పుడు భూమిలో నీటిమట్టం పైకి వస్తుంది. మీరు అదును చూసి సరిగ్గా ఆ వారమే కొలను తోడెయ్యండి. బయటి నీళ్లు లోపలికి నెట్టి, లైనర్ అడుగు నుంచి బుడగలా లేస్తుంది. గోడ కూడా లోపలికి వంగితే మీ అదృష్టం. అప్పుడిక మరక ప్రస్తావన ఎవరూ తేరు.

తోడిన నీళ్లు ఎక్కడికి వదలాలంటారా? పక్కవాడి చేలోకి. రాగి, క్లోరిన్ కలిసిన నీళ్లతో ఆయన మడి ఏమవుతుందో, ఆ తరవాత మీ ఇద్దరి మధ్య మాటలు ఏమవుతాయో ఈ వ్యాసం పరిధిలోకి రాదు. నాలుగో వంతు మాత్రం తీసి, లోహం లేని నీళ్లతో నింపి, కొన్ని రోజులాగి మళ్లీ ఇంకొంత మార్చే పద్ధతి ఒకటుంది. లైనర్‌కు ప్రమాదం లేకుండా నీళ్లలోని లోహాన్ని నిజంగా బయటికి పంపేది ఆ పద్ధతే. దానికి లోహం లేని నీళ్లు ఎక్కడివో ముందు వెతకాలి. అంటే మొదట తోసిపుచ్చిన నీళ్ల పరీక్ష దగ్గరికే తిరిగి వెళ్లాలి. అంత వెనక్కి నడవడం అందరివల్లా కాదు.

పైన చెప్పినవన్నీ చేశారు. మరక మిగిలే ఉంది, లైనర్ మిగల్లేదు. కొత్త లైనర్ వేయించండి. వేసేవాళ్లు పని ముగించి, పైపు ఎక్కడ పెట్టమంటారని అడుగుతారు. ఆ బోరుకే తగిలించమని చెప్పండి.